బౌలింగ్‌లో టైమింగ్ కుదరాలంటే: మొదటి అడుగు నుంచి బాల్ వదిలేదాకా

ముందే చెప్పేస్తాను, ఇది క్రికెట్ గురించి కాదు. నున్నటి లేన్ మీద బరువైన బాల్ దొర్లించి పది పిన్నులు పడగొట్టే బౌలింగ్ గురించి.

ఈ ఆట మొదలుపెట్టి కొన్ని నెలలైనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "బాల్ చేతిలోంచి సరిగా రావట్లేదు, రిలీజ్ ఎలా మార్చుకోవాలి?" వాళ్లు వేస్తుంటే పక్కన నిలబడి చూస్తే చేతిలో పెద్ద తప్పేమీ కనపడదు. కాలు ఒక లెక్కలో, చేయి ఇంకో లెక్కలో ఫౌల్ లైన్ (కాలు దాటకూడని గీత) దగ్గరికి వస్తుంటాయి. ఆ తేడాని చివరి క్షణంలో మణికట్టుతో సర్దబోతారు, బాల్ వంకర పోతుంది.

నేనూ చాలాకాలం మణికట్టునే తిప్పి తిప్పి చూశాను. అసలు తప్పు మొదటి అడుగులో ఉందని వీడియో చూసేదాకా తెలియలేదు. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా బాల్ కదలడం మొదలయ్యే ఆ ఒక్క క్షణం చుట్టూనే తిరుగుతుంది.

కింద రాసినదంతా కుడిచేత్తో వేసేవాళ్లకు. ఎడమచేతివాటం వాళ్లు కుడి అన్నచోట ఎడమ, ఎడమ అన్నచోట కుడి అనుకుని చదువుకోండి.

1. ముందు మాటల్లో తికమక తీర్చుకుందాం

చివరి అడుగులో స్లైడ్ అయ్యే, అంటే నేల మీద జారే, ఎడమ కాలు ఆగడమూ, బాల్ ఊగుతూ కిందికి దిగి ఆ మడమ పక్కకు రావడమూ దాదాపు ఒకేసారి జరగాలి. కాలు ఒక్క రెప్పపాటు ముందు ఆగితే ఇంకా మంచిది. టైమింగ్ అంటే ఇంతే.

బాల్ ముందొచ్చి కాలు ఇంకా దారిలో ఉంటే దాన్ని 'ఎర్లీ' అంటారు. కాలు ఆగిపోయి బాల్ కోసం ఎదురుచూస్తుంటే 'లేట్'. ఈ రెండు మాటలూ బాల్‌ని ఉద్దేశించినవి, కాలిని కాదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. "నేను గబగబా పరుగెత్తుతున్నాను కాబట్టి నాది ఎర్లీ" అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. కాళ్లు తొందరపడితే బాల్ వెనకపడుతుంది, అంటే అది లేట్.

2. అడుగు వేయకముందే చూసుకోవలసినవి

బాల్ బొటనవేలి రంధ్రం సరిపోకపోతే కింద చెప్పబోయే ఏ చిట్కా పనిచేయదు. రంధ్రం వదులైతే బాల్ జారిపోతుందేమోనని గట్టిగా బిగించి పట్టుకుంటాం. బిగించిన చేయి హాయిగా ఊగదు. బిగుతుగా ఉంటే వేలు ఇరుక్కుని ఆలస్యంగా బయటికొస్తుంది. అప్పుడు టైమింగ్ బాగున్నా చెడిపోయినట్టే కనపడుతుంది.

పరీక్ష తేలిక. బొటనవేలు పూర్తిగా లోపలికి పెట్టి బయటికి తీయండి. చుట్టూ గోడలు తగులుతూ ఉండాలి, కానీ లాగాల్సిన పని ఉండకూడదు. బౌలింగ్ సెంటర్‌లో ఇచ్చే బాల్ అయితే సరిపోయేది దొరికేదాకా మార్చండి, మొహమాటం వద్దు. సొంత బాల్ వదులుగా ఉంటే బొటనవేలి రంధ్రంలో బౌలింగ్ టేప్ ముక్క అతికించండి. రెండు మూడు గేమ్‌లయ్యాక వేలు కాస్త ఉబ్బుతుంది, అప్పుడు ఒక ముక్క తీసేయాలి.

బరువు సంగతి. నిబంధనల ప్రకారం బాల్ గరిష్ఠ బరువు 16 పౌండ్లు, అంటే సుమారు 7.26 కిలోలు. మరీ బరువైతే కుడి భుజం కుంగిపోతుంది. మరీ తేలికైతే చేయి ఊగనివ్వకుండా విసరబుద్ధి అవుతుంది. గుంజకుండా, భుజం వంగకుండా 20 సార్లు ఊపగలిగే వాటిలో బరువైనది ఎంచుకోండి.

తర్వాత బూట్లు. ఎడమ బూటు అడుగుభాగం జారాలి. సోల్‌కి చెమ్మ అంటితే కాలు ఉన్నచోటే అతుక్కుపోతుంది, మీరు ముందుకు పడతారు. ఇది టైమింగ్ కన్నా ముందు మోకాలి సమస్య. ఆట మొదలుపెట్టే ముందు బాల్ లేకుండా ఒకసారి స్లైడ్ చేసి చూడండి. జారడం లేదని నేల మీద పౌడర్ మాత్రం చల్లకండి. తర్వాత వచ్చేవాడు జారి పడతాడు.

లేన్ ఎక్కే ముందు చూసుకునే జాబితా:

- బొటనవేలు బిగించకుండానే బాల్ చేతిలో నిలుస్తోంది
- రెండు సోల్‌లూ పొడిగా ఉన్నాయి
- భుజం, మణికట్టు, తొడ కండరాలు కాసేపు కదిలించాను
- చేతి చెమట తుడిచాను
- ఈ రోజు స్కోరు చూడను

చివరిది తమాషాకి రాయలేదు. స్కోరు చూస్తూ టైమింగ్ మార్చుకున్నవాళ్లను నేనింతవరకు చూడలేదు.

3. ఎక్కడ నిలబడాలి

ఫౌల్ లైన్ దగ్గర పిన్నులకు వీపు పెట్టి నిలబడండి. మడమలు లైన్‌కి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. అక్కడి నుంచి మామూలుగా నడిచినట్టు నాలుగు అడుగులు వేసి, స్లైడ్ కోసం ఇంకో అర అడుగు కలుపుకోండి. అక్కడ వెనక్కి తిరిగితే అదే మీ మొదలు. బాల్ వదిలేలోపు అయిదు అడుగులు వేసేవాళ్లు ఒక అడుగు ఎక్కువ లెక్కపెట్టుకోవాలి.

అప్రోచ్ (ఫౌల్ లైన్‌కి ముందు మనం నడిచే చోటు) మీద ఫౌల్ లైన్‌కి 12 ఫీట్ల దూరంలో ఒక వరస, 15 ఫీట్ల దూరంలో ఇంకో వరస చుక్కలు ఉంటాయి. మీ బూటు ముందుభాగం ఏ వరసకి ఎంత దూరంలో ఉందో గుర్తుపెట్టుకోండి. రోజుకో చోట నిలబడితే అడుగుల పొడవు రోజుకో రకంగా మారుతుంది, దాంతో టైమింగూ మారుతుంది.

4. ఏ అడుగులో బాల్ ఎక్కడ ఉండాలి

కొత్తగా సరిచేసుకునేవాళ్లకు నాలుగు అడుగుల పద్ధతే నా ఓటు. లెక్క తక్కువ, తప్పు ఎక్కడుందో త్వరగా దొరుకుతుంది.

ఒకటి, కుడి కాలు: బాల్ ఛాతీ దగ్గర నుంచి ముందుకు వెళుతుంది. మడమ నేలను తాకేసరికి చేయి చాచి ఉంటుంది.

రెండు, ఎడమ కాలు: బాల్ తన బరువుతో తానే కిందికి దిగి కుడి కాలి పక్కకు వస్తుంది.

మూడు, కుడి కాలు: బాల్ వెనక పైకి, ఊపు చివరికి చేరుతుంది. ఈ అడుగునే పవర్ స్టెప్ అంటారు. మోకాలు వంగి, దేహం కిందికి దిగుతుంది.

నాలుగు, ఎడమ కాలు: స్లైడ్. బాల్ కిందికి దిగి ముందుకొచ్చి చేతిని వదులుతుంది.

అయిదు అడుగులు వేసేవాళ్లు మొదట ఎడమ కాలితో ఒక చిన్న అడుగు వేస్తారు. ఆ అడుగులో బాల్ కదలదు. రెండో అడుగు నుంచి పైన రాసిందే జరుగుతుంది. అంటే ఎన్ని అడుగులైనా బాల్ కదలాల్సింది చివరి నుంచి లెక్కపెడితే నాలుగో అడుగులోనే.

5. మొదటి కదలిక: ఇక్కడే గెలుపోటములు

బాల్‌ని ముందుకు పంపే ఈ కదలికను పుష్‌అవే అంటారు. పేరులో పుష్ ఉంది కదా అని నెట్టేయకూడదు. ఎదురుగా ఉన్న మనిషి చేతికి బాల్ అందిస్తున్నట్టు ఉండాలి.

ఎందుకింత పట్టింపు అంటే, బాల్ ఒకసారి ఊగడం మొదలయ్యాక దాని వేగం మీ చేతిలో ఉండదు. పిల్లల ఉయ్యాల గుర్తుతెచ్చుకోండి. దానికి తన లయ ఒకటి ఉంటుంది. మధ్యలో పట్టుకుని తొందరపెడితే వంకర తిరుగుతుందే తప్ప కుదురుగా ఊగదు. చేయి, బాల్ కలిసిన ఊపు కూడా అంతే. దాన్ని ఎప్పుడు వదలాలో మాత్రమే మీరు నిర్ణయించగలరు. తర్వాత కాళ్లే దానికి తగ్గట్టు నడవాలి.

ఎలా చేయాలంటే:

1. బాల్‌ని నడుముకీ ఛాతీకీ మధ్య, కుడి భుజానికి సూటిగా పట్టుకోండి. మోచేయి పక్కటెముకలకు ఆనించండి. బరువులో ఎక్కువ భాగం ఎడమ చేతి మీద ఉండనివ్వండి.

2. మోకాళ్లు కొద్దిగా వంచండి. నడుము నుంచి కాస్త ముందుకు వాలండి.

3. కుడి కాలు, రెండు చేతులు ఒకేసారి బయల్దేరాలి. మోకాలికీ బాల్‌కీ తాడు కట్టినట్టు.

4. మొదటి అడుగు చిన్నది, నెమ్మదిగా. బాల్ వెళ్లేది ముందుకు, కాస్త కిందికి. పైకి కాదు.

5. చేయి చాచేసరికి ఎడమ చేయి వదిలేసి పక్కకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత కుడి చేయి ఏమీ చేయదు.

అయిదోది చెప్పడం తేలిక, చేయడం కష్టం. నమ్మకం కుదరక చాలామంది బాల్‌ని వెనక్కి లాగుతారు. మెడ పక్కన కండరం బిగుసుకుంటే లాగుతున్నారనే అర్థం.

ఇందులో రెండు తప్పులు తరచుగా కనపడతాయి. ముందుకు పంపకుండా బాల్‌ని నేరుగా కిందికి జారవిడిస్తే ఊపు దూరం తగ్గి బాల్ ముందే వచ్చేస్తుంది. గాల్లోకి ఎత్తి పంపితే, అది పైకెళ్లి దిగేలోపు కాళ్లు రెండు అడుగులు అయిపోతాయి.

6. చివరి రెండు అడుగులు, రిలీజ్

అడుగులు నెమ్మదిగా మొదలై క్రమంగా వేగం అందుకోవాలి. ముందు పరుగెత్తి లైన్ దగ్గర బ్రేకులు వేయడం దీనికి పూర్తిగా వ్యతిరేకం.

మూడో అడుగులో కుడి మోకాలు బాగా వంచి, ఆ కాలితో నేలను వెనక్కి తన్నాలి. ఆ తోపుతోనే ఎడమ కాలు జారుతుంది. తోపు లేకపోతే స్లైడ్ రాదు, అడుగు దబ్బున పడి ఆగుతుంది.

స్లైడ్‌లో ఎడమ మోకాలు వంగి, గడ్డం దాదాపు దాని పైకి రావాలి. కుడి కాలు వెనక నుంచి ఎడమవైపుకి జారిపోవాలి, లేకపోతే బాల్‌కి దారి ఉండదు. లైన్‌కి కొన్ని అంగుళాల ముందే ఆగండి. కాలు లైన్ దాటితే ఫౌల్. ఆ బాల్ లెక్కలోకి వస్తుంది కానీ పడిన పిన్నులకు సున్నా.

టైమింగ్ కుదిరినప్పుడు రిలీజ్‌లో చేయాల్సింది ఆశ్చర్యపడేంత తక్కువ. మణికట్టు నిటారుగా, చేయి బాల్ వెనక. ముందు బొటనవేలు బయటికొస్తుంది, ఆ వెంటనే మిగతా రెండు వేళ్లు. చేయి లేన్ మీద మీరు గురిపెట్టి చూస్తున్న బాణం గుర్తువైపు సాగి భుజం ఎత్తుదాకా వెళుతుంది. బాల్ లైన్ దాటిన వెంటనే లేన్ మీద మెత్తగా దిగుతుంది.

చెవి పెట్టి వినండి. మెత్తటి దొర్లుడు వినపడితే మంచిది. దబ్బుమన్న చప్పుడు వస్తే ఎక్కడో తేడా ఉంది.

7. వీడియో తీయండి, అనుభూతిని నమ్మకండి

"నేను నెమ్మదిగానే నడిచాను" అని ప్రమాణం చేసేవాళ్లు వీడియో చూసి నోరు తెరుస్తారు. ఒంటికి తోచేదానికీ నిజంగా జరిగేదానికీ అంత దూరం ఉంటుంది.

ఫోన్‌ని మీ కుడివైపు, నడుము ఎత్తులో, తల నుంచి పాదం దాకా కనపడేలా పెట్టండి. స్లో మోషన్ వాడండి. పక్క లేన్‌వాళ్ల అప్రోచ్‌కి అడ్డం రాకూడదు. అయిదారు బాల్‌లు తీశాక మూడు చోట్ల ఆపి చూడండి.

మొదటి చోటు: కుడి మడమ మొదటిసారి నేలను తాకినప్పుడు. బాల్ ఇంకా ఛాతీ దగ్గరే ఉంటే లేట్ మొదలైంది. అప్పటికే మోకాలి దాకా దిగిపోతే ఎర్లీ.

రెండో చోటు: మూడో అడుగు పూర్తిగా నేల మీద ఆనినప్పుడు. బాల్ ఊపు చివర ఉండాలి. ఇంకా పైకి వెళుతుంటే లేట్, కిందికి చాలా దూరం వచ్చేసి ఉంటే ఎర్లీ.

మూడో చోటు: ఎడమ కాలు ఆగినప్పుడు. బాల్ మడమ దగ్గరికి వస్తూ ఉండాలి. ఇంకా నడుము వెనక ఎత్తులో ఉంటే లేట్. అప్పటికే చేతిని వదిలి వెళ్లిపోయి ఉంటే ఎర్లీ.

మొదటి చోటే తప్పు కనపడితే మిగతా రెండింటి జోలికి పోకండి. మొదటిది సరిచేయగానే అవి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

ఇంకో మాట. బాల్ కుడికి పోయిందా, ఎడమకు పోయిందా అనేదాన్ని బట్టి టైమింగ్ తేల్చకండి. లేట్ అయినవాడు ఒకరోజు చేయి గుంజి ఎడమకు లాగుతాడు, ఇంకోరోజు బాల్ వెనకే ఉండిపోయి కుడికి వదిలేస్తాడు.

8. ఎర్లీ అయితే

ఒంటికి తెలిసే గుర్తులు: లైన్ దగ్గర ముందుకు తూలినట్టు ఉంటుంది, స్లైడ్ పొట్టిగా ఉంటుంది, బాల్‌లో పస ఉండదు.

ఈ వరసలో ప్రయత్నించండి. ఒక్కోటి పది బాల్‌లు, ఒకసారికి ఒకటే మార్పు:

- బాల్‌ని కిందికి కాకుండా ముందుకు అందించండి
- బాల్‌ని ఇప్పటికన్నా నాలుగు వేళ్లంత పైకి పట్టుకోండి, ఊపు దూరం పెరుగుతుంది
- కాలు కదిలాక ఒక్క క్షణం ఆగి బాల్ పంపండి
- అప్పటికీ కుదరకపోతే మొదటి రెండు అడుగులు కాస్త చురుగ్గా వేయండి

9. లేట్ అయితే

గుర్తులు: కాలు ఆగిపోయి చేయి కోసం ఎదురుచూసినట్టు ఉంటుంది, చివర్లో భుజంతో గుంజుతారు, బాల్ వదిలాక ఎడమవైపుకి ఒరిగిపోతారు.

- కాలితో పాటు, అవసరమైతే కాలికన్నా ఒక రెప్పపాటు ముందే బాల్ కదలనివ్వండి
- మొదటి అడుగుని సగానికి కుదించండి
- బాల్‌ని కిందికి దించి పట్టుకోండి
- వెనక ఊపు తల దాటి పోతుంటే తగ్గించండి. చేత్తో ఆపి కాదు, ముందు తక్కువ ఎత్తులో మొదలుపెట్టి

లేట్ ఉన్నవాళ్లు సహజంగా చేసే పని చేతిని తొందరపెట్టడం. అది మందు కాదు, రోగానికి ఇంకో రోగం తగిలించడం. కాళ్లను నెమ్మది చేయండి, చేతిని దాని మానాన వదిలేయండి.

10. నాలుగు డ్రిల్లులు

ఎ. అడుగు లేని ఊపు. లైన్ దగ్గర స్లైడ్ ముగిసిన భంగిమలో నిలబడండి. ఎడమ మోకాలు వంచి, కుడి కాలు వెనక పెట్టి, బాల్‌ని ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఊపి, మూడోసారి వదలండి. పిన్నుల దాకా బలంగా వెళ్లాలని చూడొద్దు. బొటనవేలు ముందు బయటికి రావడం తెలిస్తే చాలు.

బి. ఒక్క అడుగు. మూడో అడుగు వేసిన భంగిమలో కుడి కాలి మీద బరువు వేసి నిలబడండి. బాల్‌ని ఊపి, అది వెనక పైకి చేరిన క్షణంలో ఎడమ కాలు జార్చి వదలండి. కాలు, బాల్ కలిసి రావడమంటే ఏమిటో ఒంటికి తెలిసేది ఇక్కడే.

సి. మొదలు మాత్రమే. మొదటి అడుగు, పుష్‌అవే. అంతే, ఆగిపోండి. ఒక స్నేహితుడిని ఎదురుగా నిలబెట్టి అతని చేతికి బాల్ అందేలా పంపండి. ఒంటరిగా ఉంటే ఎడమ చేయి వదలకుండా చేయండి. ఇంట్లో అయితే బాల్ అక్కర్లేదు, కాస్త బరువున్న సంచీ చాలు. విసుగు పుట్టించే డ్రిల్ ఇది. ఒక్కటే చేయడానికి టైముంటే మాత్రం ఇదే చేయమంటాను.

డి. పైకి లెక్క. "ఒకటీ... రెండూ... మూడు, జారు" అని నోటితో అంటూ వేయండి. ఒకటీ, రెండూ సాగదీయాలి. మూడు, జారు దగ్గర దగ్గరగా రావాలి. పక్కవాళ్లు చూస్తారని సిగ్గుపడితే పెదవుల మధ్యే అనుకోండి.

11. ఒక గంట ప్రాక్టీస్ ఇలా

1. డ్రిల్ ఎ: 10 బాల్‌లు
2. డ్రిల్ బి: 10 బాల్‌లు
3. డ్రిల్ సి: 15 సార్లు, బాల్ వదలకుండా
4. పూర్తి అడుగులతో, లెక్క పలుకుతూ: 15 బాల్‌లు
5. వీడియో: 5 బాల్‌లు. కూర్చుని మూడు చోట్లూ చూడటం
6. తేలిన ఒక్క మార్పుతో: 15 బాల్‌లు

ప్రతి బాల్ తర్వాత అది పిన్నుల్ని తాకేదాకా లైన్ దగ్గర ఒంటికాలి మీద కదలకుండా నిలబడండి. నిలబడగలిగితే టైమింగ్ దాదాపు కుదిరినట్టే. తూలితే వెంటనే మళ్లీ వేయకండి, మొదటి అడుగు ఎలా పడిందో ఒకసారి గుర్తుచేసుకోండి.

చేయి అలిసిపోయాక వేసే బాల్‌లు లెక్కలోకి రావు. అలసిన భుజం లాగడమే నేర్చుకుంటుంది.

12. ప్రాక్టీస్‌లో బాగుంటుంది, గేమ్‌లో చెడిపోతుంది

టెన్షన్ ముందు కాళ్లలోకి దిగుతుంది. పదో ఫ్రేమ్‌లో, అంటే గేమ్ చివరి వంతులో, అడుగులు తెలియకుండానే వేగమవుతాయి, బాల్ లేట్ అవుతుంది, చేయి గుంజుతుంది. ఆ సమయంలో బాణం గుర్తు, మణికట్టు, పిన్నులు అన్నీ ఆలోచిస్తే ఏదీ కుదరదు.

ఒకే పని పెట్టుకోండి. మొదలుచోట నిలబడి ఊపిరి పూర్తిగా వదలండి. బొటనవేలి పట్టు సడలిందో లేదో చూసుకోండి. తర్వాత మీకు మరీ నెమ్మది అనిపించేంత నెమ్మదిగా మొదటి అడుగు వేయండి. వీడియోలో అది మామూలు వేగంగానే కనపడుతుంది.

రెండు చేతులతో వేసేవాళ్లకు పై లెక్క నేరుగా వర్తించదు. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మోంటే లాంటివాళ్ల వీడియోలు చూసి ఒంటిచేత్తో వేసేవాళ్లు ఆ అడుగుల్ని అనుకరించబోతే ఉన్న టైమింగూ పోతుంది. రెండు చేతులవాళ్లు బొటనవేలు రంధ్రంలో పెట్టరు, ఎడమ చేయి చివరిదాకా బాల్ మీదే ఉంటుంది, భుజాలు తిరిగే తీరు వేరు. రెండు చేతుల పద్ధతికి మారాలనుకుంటే మొత్తంగా మారండి, సగం అది సగం ఇది వద్దు.